ఏ కప్పు క్రింద పని? షోలాపురము నేతపేటలలో ఆర్థికవిధానము, ఆరోగ్యము

షోలాపురమున స్థిరపడిన తెలుగు కుటుంబముల చరిత్రను మనము సాధారణముగా మగ్గము చరిత్రగానే చెప్పుకొందుము. నైజాము రాజ్యములోని కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరము సీమలనుండి పద్మశాలీలు పందొమ్మిదవ శతాబ్దమునుండి ఈ పట్టణమునకు తరలి వచ్చిరి. మహారాష్ట్ర స్త్రీలు కట్టు తొమ్మిది గజముల చీరలను నేసిరి. పిమ్మట జకార్డు మగ్గముపై చద్దరులను, ఆ పిమ్మట మరమగ్గముపై టవళ్లను నేసిరి. షోలాపురపు చద్దరు, టవలు 2005-06 లో భౌగోళిక సూచికలుగా నమోదైనవి. సాఖర్ పేట, భద్రావతి పేట, దాజీ పేట, జోడ్‌భావి పేటలలో నేటికిని ఇంట తెలుగు, వీథిలో మరాఠీ వినవచ్చును. పాచా పేటకు ముందు 'తెలంగీ' అను మాట చేరియుండుటయే మన రాకకు సాక్ష్యము.

ఈ చరిత్రకు మరియొక పుట కలదు. ఎంత బట్ట నేసితిమో, ఎంతకు అమ్మితిమో తెలుపు లెక్కలు దొరకును. నేసినవాని ఊపిరి ఏమైనది, చెవి ఏమైనది, నడుము ఏమైనది అను లెక్క దొరకుట అరుదు. అంతకంటె వింత యొకటి కలదు. ఒకే కులము, ఒకే ఊరినుండి వచ్చినవారు, ఒకే వీథిలో కాపురమున్నవారు. అయినను జబ్బు చేసినప్పుడు ఒక ఇంటికి మందు, వైద్యుడు, సెలవునాటి కూలి దొరకినవి. ప్రక్కయింటికి అప్పు దొరకినది. ఈ భేదము ఎక్కడ పుట్టినది?

దీనికి పెద్దలు మూడు విధములైన సమాధానములు చెప్పుచు వచ్చిరి. పరిశ్రమ పెరిగి కూలి హెచ్చినచో ఆరోగ్యము దానివెంట వచ్చునని కొందరు. ఆసుపత్రులు, వైద్యులు, శుభ్రమైన నీరు లేనిదే కూలి హెచ్చినను ప్రయోజనము లేదని మరికొందరు. చట్టము యజమానిని కట్టడి చేసినప్పుడే కార్మికుని దేహము నిలుచునని వేరొకరు. మూడింటను సత్యమున్నది. కాని షోలాపురపు నూటయేబది యేండ్ల అనుభవమును పరిశీలించినచో ఈ మూడింటికిని ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి కానవచ్చును: పని ఏ కప్పు క్రింద జరుగుచున్నది? ప్రభుత్వముల ఆర్థికవిధానములు మారినప్పుడెల్ల మన పని ఒక కప్పు క్రిందనుండి మరియొక కప్పు క్రిందికి మారినది. ఆరోగ్యరక్షణ మాత్రము పాత కప్పు క్రిందనే ఉండిపోయినది. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన విషయము ఇదియే.

ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డీనో రమజ్జీనీ 1700 లో వృత్తివ్యాధులను గూర్చి గ్రంథము ప్రకటించెను. జనుము, అవిసె నారలను దువ్వువారికి దుమ్మువలన దగ్గు పట్టుకొనుటను అతడు వర్ణించెను. రోగిని చూచు వైద్యుడు తక్కిన ప్రశ్నలతోపాటు "నీ వృత్తి యేమి?" అని కూడ అడుగవలెనని బోధించెను. వైద్యశాస్త్రమునకు అది గొప్ప మేలు చేసిన ప్రశ్న. మన పేటలలో మాత్రము అది సగము ప్రశ్నయే. "నేత" అని చెప్పినంతమాత్రమున ఏమియు తెలియదు. మిల్లులో నేతయా, కారఖానాలో నేతయా, ఇంటి గుంటమగ్గముపై నేతయా, నాలుగు మరమగ్గముల రేకులషెడ్డులో నేతయా అని తెలిసినగాని ఆ మనిషి దేహమునకు ఎవరు బాధ్యులో తెలియదు.

ఈ విషయము మొదటిసారి స్పష్టముగా బయటపడినది కరువు కాలమున. 1876-78 నాటి మహాక్షామము షోలాపురము జిల్లాను తీవ్రముగా బాధించెను. కరువు పనులకు వచ్చిన కూలీలకు ఎంత ఇవ్వవలెనను విషయమై అప్పుడొక వాదము చెలరేగెను. భారత ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 జనవరిలో, మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యము వెల, దానిపై ఒక అణా చాలునని నిర్ణయించెను. ఖజానా ఖర్చు తగ్గించుట ఆయన ఉద్దేశము. మద్రాసు రాజధానిలో శానిటరీ కమీషనరుగా నున్న వైద్యుడు కార్నిష్ దీనిని గట్టిగా ఎదిరించెను. పనిచేయు దేహమునకు ఆ తిండి చాలదని, మనుష్యులు క్షీణించి చనిపోవుదురని ఆయన వాదము. బొంబాయి రాజధానిలో కూలీలు తగ్గించిన కూలికి పనిచేయక వెడలిపోయిరి; పూనా సార్వజనిక సభ వారి దుస్థితిని ప్రభుత్వమునకు వ్రాసెను. మద్రాసు ప్రభుత్వము అదే సంవత్సరమున ఒక పౌను కొలతను విడిచిపెట్టెను. ఆర్థికవిధానమును దేహముతో కొలుచుట మనదేశమున ఈ వాదముతోనే బహిరంగముగా జరిగినదని చెప్పవచ్చును.

నేతవానికి కరువు మరియొక చిక్కు తెచ్చెను. కరువు పని యనగా ఎండలో రాళ్లు కొట్టుట, మట్టి మోయుట. కూర్చుండి దారము పట్టు చేతికి అది అలవాటు లేని పని. అక్కడికి పోయినవాడు మగ్గమును విడువవలెను. కొందరు మగ్గమునే అమ్ముకొందురు. కరువు తీరిన పిమ్మట అతనికి దేహమును మిగులదు, పనిముట్టును మిగులదు. ఈ ఆలోచనతో 1896-97 నాటి క్షామమున షోలాపురపు నేతవారికి వారి వృత్తియందే సహాయము చేయు ఏర్పాటు జరిగెను. నూలు ఇచ్చి, నేసిన బట్ట తీసికొని, కూలి చెల్లించుట దాని పద్ధతి. కరువు కాలమున కొనువారు లేని బట్టను ప్రభుత్వము పోగుచేయనేల అని ఆక్షేపించుటకు వీలున్నది. రాళ్లపనిలో చెడిపోవు చేతుల ఖరీదు అంతకంటె ఎక్కువయని ప్రతివాదము. ఈ సందర్భమున మాత్రము పని యొక్క కప్పు, సహాయము యొక్క కప్పు ఒక్కటైనవి. తరువాతి చరిత్రలో అవి మరల అంత సులభముగా కలియలేదు.

రైలుదారి 1860 నాటికి షోలాపురము చేరినది. 1870లలో షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ ఏర్పడెను. దానినే జనులు జూనీ మిల్లు అనిరి. ఆ వెనుక లక్ష్మీ, నర్సింగగిర్జీ, విష్ణు, జామ్ మిల్లులు వెలసినవి. మనవారిలో కొందరు మిల్లు గేటు దాటి లోనికి పోయిరి. ఎక్కువమంది చేతిమగ్గమునే పట్టుకొనిరి. అయితే ఆ చేతిమగ్గమును ఇంటినుండి కదలినది. కొంత ధనము కూడిన నేతవారు షెడ్డు వేసి పది, ఇరువది మగ్గములు దింపి కూలికి నేతగాండ్రను పెట్టుకొనిరి. వారే కారఖాన్‌దారులు. తెలంగాణమునుండి క్రొత్తగా వచ్చిన పిల్లవాడు ఆ కారఖానాలోనే నేసి, అక్కడనే తిని, మగ్గముల నడుమనే పండుకొనుట సామాన్యము. స్త్రీలు ఇండ్లలో ఆసు పోయుట, కండెలు చుట్టుట చేయుచుండిరి. కూలి బట్ట లెక్కన. జబ్బు పడిన దినమున బట్ట లేదు. బట్ట లేని దినమున కూలి లేదు.

మిల్లులోని నేతకును కారఖానాలోని నేతకును చట్టము దృష్టిలో ఎంత భేదము ఏర్పడినదో చూడుడు. మనదేశపు మొదటి ఫ్యాక్టరీ చట్టము 1881 లో వచ్చెను. యంత్రబలముతో నడచుచు 100 మందికి తక్కువ కానిచోటనే అది వర్తించును. 1891 లో ఆ సంఖ్య 50 అయినది; 1922 లో 20 అయినది; స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1948 లో యంత్రబలమున్నచోట 10, లేనిచోట 20 అయినది. గాలి, వెలుతురు, పనిగంటలు, యంత్రములకు కంచె, త్రాగునీరు, ఇవన్నియు ఈ తలల లెక్కను ఆశ్రయించియున్నవి. బొంబాయి రాజధానిలో 1929 లో వచ్చిన ప్రసూతి సహాయ చట్టమును ఫ్యాక్టరీలలోని స్త్రీలకే. ఇంటివద్ద కండెలు చుట్టుచు బిడ్డను కన్న తల్లి ఆ లెక్కలో లేదు.

లెక్కించుటయందును ఇదే భేదము. బొంబాయి ప్రభుత్వపు లేబరు ఆఫీసు షోలాపురపు పత్తిమిల్లు కార్మికుల ఇంటి జమాఖర్చులను విచారించి 1928 లో నివేదిక ప్రకటించెను. ఏమి తినుచున్నారు, అద్దె యెంత, అప్పు యెంత అను విషయములు అందు వచ్చినవి. చేతిమగ్గముపై దేశవ్యాప్తమైన విచారణ 1942 నాటి పి.జె. థామస్ సంఘముతో గాని వెలువడలేదు. ఆచార్య డి.ఆర్. గాడ్గిల్ షోలాపుర నగరముపై రచించిన సామాజిక, ఆర్థిక పరిశీలన గ్రంథము 1965 లో వచ్చెను. మిల్లు కార్మికునికి ముందు లెక్క, పిదప చట్టము, పిదప బీమా వచ్చినవి. కారఖానా నేతవానికి లెక్కయే ఆలస్యముగా వచ్చినది.

మిల్లు స్వర్గమని మేము చెప్పుట లేదు. పత్తి దువ్వు విభాగములలోని దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేయును. ఆదివారపు సెలవు తరువాత సోమవారము పనిలోనికి పోగానే ఛాతీ బిగిసినట్లుండుట ఆ జబ్బు తొలి లక్షణము. దీనిని బైసినోసిస్ అందురు. బ్రిటనులో 1941 లో దీనికి నష్టపరిహారము ఏర్పాటు చేసిరి. మనదేశపు 1948 ఫ్యాక్టరీ చట్టమునకు అనుబంధమైన వ్యాధుల పట్టికలోను ఇది చేరినది. అయితే మిల్లులో దగ్గినవాని దగ్గునకు ఒక పేరు దొరకు అవకాశమున్నది. కారఖానాలో దగ్గినవాని దగ్గు ఉత్త దగ్గుగానే మిగిలిపోయెడిది.

స్వాతంత్ర్యకాలమున రెండు గొప్ప సంకల్పములు జరిగినవి. మొదటిది వైద్యమును గూర్చినది. 1946 లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతనున్న సంఘము, డబ్బు చెల్లింపలేని కారణమున ఎవరికిని వైద్యము అందకపోరాదని చెప్పెను. 1948 లో కార్మిక రాజ్య బీమా చట్టము, అనగా ఈ.ఎస్.ఐ., వచ్చి 1952 లో కాన్పూరు, ఢిల్లీలలో అమలు ప్రారంభమయ్యెను. రెండవది నేతపరిశ్రమను గూర్చినది. 1952 లో అఖిల భారత చేనేత బోర్డు ఏర్పడెను. 1953 లో మిల్లుబట్టపై అదనపు సుంకము విధించి ఆ సొమ్మును ఖాదీ, చేనేతల అభివృద్ధికి కేటాయించిరి. ఈ రెండు సంకల్పములును మంచివే. కాని అవి ఒకదానితో నొకటి మాటలాడుకొనలేదు.

చేనేతను గూర్చి అప్పుడు జరిగిన వాదమును మనవారు గమనింపదగినది. కానుంగో సంఘము 1954 లో, చేతిమగ్గములను క్రమముగా మరమగ్గములుగా మార్చవలెనని సూచించెను. ఉత్పత్తి పెరిగినగాని నేతవాని కూలి పెరుగదని దాని తలంపు. కార్వే సంఘము 1955 లో, పనిని పోగొట్టు యంత్రమును తొందరపడి దింపరాదని, చేతిపరిశ్రమలను కాపాడవలెనని చెప్పెను. ఒకరు కూలిని చూచిరి, ఒకరు పనిని చూచిరి. ఆ పని జరుగు గదిలోని గాలిని గూర్చిన ప్రశ్న ఈ వాదమునకు కేంద్రము కాలేదు.

1955 ప్రాంతమున మన పేటలో ఒక వీథిని ఊహించుడు. మొదటి ఇంటివాడు మిల్లులో నేయును. రెండవ ఇంటివాడు పదునైదు చేతిమగ్గముల కారఖానాలో నేయును. మూడవ ఇంటివాడు తన ఇంటి గుంటమగ్గముపైననే నేయును. ముగ్గురికిని క్షయ సోకినదనుకొందము. ఈ.ఎస్.ఐ. చట్టము యంత్రబలముతో 20 మందికి తగ్గక పనిచేయు ఫ్యాక్టరీలకు ఉద్దేశింపబడినది. కనుక ఆ బీమా వచ్చిన చోట మొదటివానికి మందును, పనికి పోలేని దినములకు కొంత నగదును హక్కుగా లభించును. తక్కిన ఇద్దరికిని హక్కు లేదు. దయయున్నది, ధర్మాసుపత్రి యున్నది. క్షయరోగి నెలల తరబడి మందు తినవలెను, విశ్రమింపవలెను. బట్ట లెక్కన కూలి తీసికొనువానికి విశ్రాంతి యనగా పస్తు. వైద్యశాస్త్రము ముగ్గురికిని ఒకే మందు వ్రాయును. ఆ మందును తినుటకు వలసిన తీరిక మాత్రము మూడు కప్పుల క్రింద మూడు విధములుగా నుండును.

1963 లో షోలాపురమున వైశంపాయన్ స్మారక ప్రభుత్వ వైద్యకళాశాల స్థాపితమైనది. దానితోడి పెద్దాసుపత్రి లక్షలమందికి ఆధారమైనది. మనవారి పూనికతో శ్రీ మార్కండేయ సహకార రుగ్ణాలయము వెలసినది. ఆసుపత్రి లేని లోటు ఈ ఊరికి లేదనవచ్చును. అయినను కూలివాడు ఆసుపత్రికి పోవుటకు ఒక దినపు కూలిని వదలుకొనవలెను. రోగము ముదిరినగాని పోకపోవుటకు అజ్ఞానముకంటె ఈ లెక్కయే ఎక్కువ కారణము.

తరువాతి దశ మరమగ్గము. చేతిమగ్గముల కారఖానాలు క్రమముగా మరమగ్గముల షెడ్డులైనవి. చిన్న పరిశ్రమను ప్రోత్సహింపవలెనను సదుద్దేశముతో ప్రభుత్వము కొద్ది మగ్గములు గలవారికి ఎక్సైజు సుంకమున రాయితీ ఇచ్చెను. ఫలితము ఊహింపదగినదే. పెద్ద షెడ్డు వేయగలవాడును దానిని కాగితముపై చిన్న చిన్న ముక్కలుగా చేసి భార్య పేర, తమ్ముని పేర, కుమారుని పేర వ్రాయించుట దేశమందలి మరమగ్గ కేంద్రములలో ఆచారమైనది. ముక్కలైనది సుంకపు లెక్క మాత్రము కాదు. తలల లెక్కయు ముక్కలైనది. పదిమందికి తక్కువయున్న షెడ్డు ఫ్యాక్టరీ కాదు. ఫ్యాక్టరీ కానిచోటికి ఇన్‌స్పెక్టరు రాడు. ఒక శాఖ చిన్నతనమునకు బహుమానమిచ్చినది. మరియొక శాఖ పెద్దతనమునకే రక్షణ ఇచ్చినది. ఈ రెంటి నడుమ నేతవాడు నిలిచెను.

ఆ షెడ్డులోని శబ్దమును మన పేటలవారికి వేరుగా వర్ణింపనక్కరలేదు. ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ మించరాదని ఫ్యాక్టరీ నియమములు చెప్పినవి. మరమగ్గముల షెడ్డులలో ధ్వని తరచుగా దానిని మించును. పని రెండు పాళ్లుగా పన్నెండేసి గంటలు నడచుట పరిపాటి. వినికిడి ఒక్కనాడు పోదు. ముందు సన్నని ధ్వనులు పోవును, పిమ్మట మాటలలోని స్పష్టత పోవును. ఇంటిలో గట్టిగా మాటలాడుట నేతవాని స్వభావమని నవ్వుకొందుము. అది పలుమారు స్వభావము కాదు, గాయము.

1985 నాటి జౌళి విధానము మిల్లును, మరమగ్గమును పోటీలో సమానముగా చూడవలెనని చెప్పెను. బీమా, సెలవు, పింఛను ఖర్చులు భరించు మిల్లు, అవి లేని షెడ్డుతో పోటీపడుట కష్టమైనది. మిల్లుల పతనమునకు పాత యంత్రములు, నిర్వహణ లోపములు మొదలైన వేరు కారణములును కలవు. జూనీ మిల్లు 1960లలోనే ఆగినది. తక్కిన పాత మిల్లులలో పెక్కు ఆ శతాబ్దము ముగియు కాలమున ఒకదానివెంట నొకటి మూతపడినవి. మూతపడిన మిల్లుతో కూలి మాత్రమే పోలేదు. మన వీథిలోని మొదటి ఇంటివాని వైద్యహక్కును పోయినది. అతని కుమారుడు అదే బట్టను, అదే ఊరిలో, ప్రక్క సందులోని షెడ్డులో హక్కు లేకుండ నేయవలసివచ్చెను.

ఇక స్త్రీల విషయము. చేతిమగ్గమునకు పడుగు సిద్ధముచేయుట, కండెలు చుట్టుట స్త్రీల పని; దానికి వేరుగా కూలి లేకపోయినను ఇంటి సంపాదనలో అది సగము. నూలు చుట్టు యంత్రములు వచ్చి ఆ పనిని తీసికొనిపోయినవి. మగవాని కూలి చాలలేదు. మన పేటల స్త్రీలు వేల సంఖ్యలో బీడీలు చుట్టుటకు పూనుకొనిరి. మగ్గముండిన మూలలో తునికాకు, పొగాకు చాట చేరినవి. వంట, నిద్ర, పసిబిడ్డ, పొగాకు దుమ్ము, అన్నియు ఒకే కప్పు క్రింద.

1966 లో బీడీ, సిగారు కార్మికుల చట్టము వచ్చెను. ఇంటివద్ద చుట్టువారిని కూడ కార్మికులుగా గుర్తించుట దాని విశేషము. యజమానులు దానిని సవాలు చేయగా 1974 లో సుప్రీముకోర్టు చట్టమును సమర్థించెను. ఇంటివద్ద చుట్టు స్త్రీకి ప్రావిడెంటు ఫండు వర్తించునని 1985 లో అదే న్యాయస్థానము తీర్పుచెప్పెను. 1976 లో బీడీలపై స్వల్పమైన సెస్సు విధించి, ఆ సొమ్ముతో బీడీ కార్మికులకు వైద్యశాలలు, పిల్లలకు విద్యార్థి వేతనములు, గృహములకు సాయము ఏర్పాటు చేసిరి. ఇంటి కప్పు క్రింది పనిని చట్టము ఇక్కడ చూచినది. ఇది చిన్న జయము కాదు.

అయినను చట్టము వచ్చినచోట పని పారిపోవు గుణము కలది. కేరళమున కన్ననూరు ప్రాంతమున 1968 లో ఈ చట్టమును అమలు చేయగానే యజమానులు కారఖానాలు మూసి, పనిని సరిహద్దు దాటించి ఇండ్లకు పంపిరి. వీథిని పడిన కార్మికులు 1969 లో ప్రభుత్వ సాయముతో దినేశ్ బీడీ సహకార సంఘమును స్థాపించుకొనిరి. పని మరల షెడ్డులోనికి వచ్చెను. ఆ షెడ్డు వారిదే. సెలవు, ప్రసూతి సాయము, ప్రావిడెంటు ఫండు అందులోనే లభించినవి. బీడీ అమ్మకము తగ్గు కాలము రాగా ఆ సంఘము ఆహారపదార్థములు, గొడుగులు మొదలైన వేరు పనులలోనికి దిగెను. ఇదియంతయు మన ఊరికి అట్లే పొసగునని కాదు. అచ్చటి సంఘబలము, అచ్చటి ప్రభుత్వము వేరు. కాని పనివారే కప్పు వేసికొనగలరని అది నిరూపించినది.

బీడీ విషయమున నేడు రెండు పక్షములు మన ఎదుట నిలిచియున్నవి. బీడీ త్రాగువారిలో ఎక్కువమంది పేదలు. వారి ఊపిరితిత్తులను కాపాడుటకు పన్ను హెచ్చింపవలెనని ఒక పక్షము. పన్ను హెచ్చినచో చుట్టు స్త్రీ పని పోవునని రెండవ పక్షము. మన పేటలో త్రాగువాడును చుట్టునదియు పలుచోట్ల ఒకే వీథివారు. కావున ఒకరి ఆరోగ్యమును ఒకరి అన్నముతో తూచుట మనకు సమ్మతము కాదు. భారతదేశము 2004 లో ఆమోదించిన ప్రపంచ పొగాకు నియంత్రణ ఒడంబడిక, తన 17వ అధికరణమున, పొగాకు కార్మికులకు వేరు జీవనోపాధి కల్పింపవలెనని చెప్పుచున్నది. పన్నును, ఈ మాటను కలిపి అమలు చేసినప్పుడే న్యాయము. జరిగినది వేరు. 2017 జులై 1 న వస్తు సేవల పన్ను వచ్చినప్పుడు బీడీని అప్పటి 28 శాతపు వరుసలో చేర్చిరి. అదే సమయమున 1976 నాటి సంక్షేమ సెస్సును రద్దుచేసిరి. బీడీనుండి వచ్చు సొమ్మునకు, బీడీ చుట్టుదాని వైద్యమునకు చట్టము ముడివేసిన త్రాడు అప్పుడు తెగినది.

కప్పు మాట వచ్చినది కనుక గృహములను గూర్చి చెప్పవలెను. మన ఊరి కార్మిక నాయకుడు, శాసనసభ్యుడుగా నుండిన నర్సయ్య ఆడమ్ నాయకత్వమున బీడీ స్త్రీలు ఉద్యమించి కుంభారివద్ద గోదూతాయి పరుళేకర్ సహకార గృహసంఘము ద్వారా పదివేల ఇండ్లు సాధించిరి. 2006 లో ప్రధానమంత్రి మన్‌మోహన్ సింగ్ వాటిని అప్పగించెను. అచ్చటనే అసంఘటిత కార్మికులకు ముప్పదివేల ఇండ్ల రాయ్‌నగరము తలపెట్టిరి; వాటిలో పదునైదువేలు 2024 జనవరి 19 న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ చేతుల మీదుగా అంకితమైనవి. ఆర్థికశాస్త్రజ్ఞులు దీనిని గృహనిర్మాణ పద్దులో వ్రాయుదురు. మేము దీనిని ఆరోగ్య పద్దులోను వ్రాయుదుము. పని ఇంటిలో జరుగునప్పుడు ఒక గది ఎక్కువగుట యనగా పొగాకు దుమ్ము పసిబిడ్డ ప్రక్కనుండి ఒక గోడ అవతలికి పోవుట. 2008 లో మైకేల్ మార్మట్ అధ్యక్షతనున్న ప్రపంచ ఆరోగ్యసంస్థ సంఘము, మనుష్యులు పుట్టి పెరుగు, నివసించు, పనిచేయు స్థితిగతులే ఆరోగ్యభేదములకు మూలమని చెప్పెను. ఆ మాటకు కుంభారికంటె సమీపమైన ఉదాహరణము మనకు దొరకదు.

2020 మార్చి 25 న దేశమంతట తలుపులు మూయవలసివచ్చినప్పుడు ఈ చరిత్ర యంతయు ఒక్కసారి కన్నులకు కట్టినది. నెల జీతగాడు ఇంటనుండి తినగలిగెను. బట్ట లెక్కన, బీడీ లెక్కన బ్రతుకువానికి మగ్గము ఆగిన మరునాడే ఆదాయము ఆగెను. అదే సంవత్సరము పార్లమెంటు పాత కార్మిక చట్టములను కలిపి క్రొత్త స్మృతులను ఆమోదించెను. అవి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినవి. ఈ.ఎస్.ఐ.కి పదిమంది అను సంఖ్య నిలిచినది. పదిమంది గల స్థలములకు కొన్ని సాధారణ విధులును చెప్పిరి. ఫ్యాక్టరీ అను పేరునకు మాత్రము యంత్రబలమున్నచోట 10 కి బదులు 20, లేనిచోట 20 కి బదులు 40 అయినది. 100 నుండి 50, 50 నుండి 20, 20 నుండి 10 అగుటకు 1881 మొదలు 1948 వరకు అరువదియేడేండ్లు పట్టినది. ఇప్పుడు ఆ సంఖ్య మరల 20 కి ఎక్కినది. చిన్న పరిశ్రమలకు కాగితముల భారము తగ్గుననుట దీనికి చెప్పిన సమర్థన. ఆ వాదమును త్రోసివేయనక్కరలేదు. మన కారఖాన్‌దారులలో అనేకులు స్వల్పలాభముతో బ్రతుకువారే. కాని తగ్గిన భారము ఎవరి మీదికి మారినదో అడుగుట మన విధి.

మేము చేరిన నిర్ణయము ఇది. ఆరోగ్యహక్కును కప్పునకు గాక మనిషికి కట్టవలెను. మిల్లునుండి షెడ్డునకు, షెడ్డునుండి ఇంటికి పని మారినప్పుడు ఆ హక్కు అతని వెంట నడువవలెను. తలల లెక్క పదియైనను ఇరువదియైనను, లెక్కకు లోబడిన హక్కు లెక్క మార్చువాని దయపై ఆధారపడియుండును. పరిశ్రమను పెంచువారు, ఆసుపత్రి కట్టువారు, చట్టము చేయువారు, ముగ్గురును తమ పనిని ఈ గీటురాతిపై పరీక్షించుకొనుట మంచిది.

ప్రభుత్వములు చేయునంతవరకు మన సంఘములు ఊరకుండనక్కరలేదు. పద్మశాలీలు తమ మూలపురుషుడగు భావనఋషిని మార్కండేయుని కుమారునిగా చెప్పుకొందురు; మృత్యువును గెలిచిన ఆ మహర్షి రథమును ఏటేట శ్రావణ పూర్ణిమనాడు షోలాపురపు వీథులలో ఊరేగింతుము. ఆ ఉత్సవమునకు కూడు జనసమూహమునుండియే ఒక పని ప్రారంభింపవచ్చును. పేటపేటకు నలుగురు యువకులు, ఇద్దరు వైద్యులు కలిసి, పేర్లు వ్రాయకయే, ఒక పట్టిక తయారుచేయవలెను: ఈ ఇంటిలో ఎవరు ఏ కప్పు క్రింద ఎన్నేండ్లు పనిచేసిరి, అచ్చట ఎందరుండిరి, ఇప్పుడు దగ్గెంత, వినికిడి యెంత, బీమా కలదా లేదా. పాత మిల్లు హాజరు పుస్తకములు, ఈ.ఎస్.ఐ. చీట్లు, బీడీ గుర్తింపు కార్డులు ఇంటి అటుకలలో చెదలు తినకమునుపే సేకరింపవలెను. 1928 లో ప్రభుత్వము మిల్లువారిని లెక్కించి నేతపేటలను విడిచినది. ఆ విడిచిన పుటను వ్రాయుట మన చేతిలో నున్నది; ఆ పుట చేతనున్ననాడు కార్యాలయముల యెదుట మన మాటకు ఆధారముండును.